గుట్ట మీద గునుగు

ఎవరో లోపలికి వస్తున్నారు.

గుట్ట కొసన ఉన్న రాతి బెంచీని చూడగానే లింగమూర్తికి ఆ సంగతి అర్థమైంది. రాత్రి పడిన మంచు బెంచీ నిండా సన్నటి చుక్కలై నిలిచింది. ఒక చివర మాత్రం, ఒక మనిషి కూర్చునేంత మేర పొడిగా ఉంది. మార్చిలో మూసిన పార్కును ఇంకా తెరవలేదు. గేటు తాళంచెవి అతని నడుముకే వేలాడుతోంది.

వంగి నేల చూశాడు. బెంచీ ముందున్న చదునులో గునుగు మొక్కలు మోకాలెత్తున నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ళ దగ్గర మట్టి నల్లగా ఉంది. వానలు వెనకబట్టి చాలా రోజులైంది. మంచు మట్టిని అంతలా తడపదు. వేలితో గీకితే తడి లోపలిదాకా దిగి ఉంది.

ఎవరో నీళ్ళు పోశారు.

ఈల నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. వచ్చిన మనిషి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు.

సూరత్ చదునైన ఊరు. ఉధ్నా నుంచి డిండోలి దాకా మేడలు, సాంచాలనే మరమగ్గాల షెడ్లు, రైలు పట్టాలే తప్ప కంటికి ఎత్తు తగలదు. ఈ గుట్ట కూడా దేవుడు పెట్టింది కాదు. ఎప్పుడో చెరువు తవ్విన మట్టిని ఒకచోట పోసి, చెట్లు నాటి, మెట్లు కట్టి పార్కు చేశారు. గుజరాతీవాళ్ళు టేకరీ అంటారు. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళకు మాత్రం అది మొదటిరోజు నుంచీ గుట్టే. రాత్రి పాళీ దిగినవాళ్ళు గదికి పోకుండా ఇక్కడి వేపచెట్ల కింద పడి నిద్రపోయేవారు. పిల్లలు అట్టముక్కల మీద కూర్చుని వాలు మీద జారేవారు. పైకెక్కితే స్టేషన్‌లోకి వంపు తిరుగుతూ వచ్చే రైలు కనబడేది. "మన దిక్కు పోయే బండి" అని ఎవరో ఒకరు అనేవారు. ఏ బండైనా సరే, అదే మాట.

లింగమూర్తి ఇక్కడికి చెవుల కోసం వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడిన చెవులు అతనివి. పైన కాసేపు కూర్చుంటే మోత మెల్లగా దిగిపోయి ముందు గాలి, తర్వాత పిట్ట, ఆ తర్వాత పక్కవాడి మాట వినబడేవి. "చెవులు ఆరబెట్టుకుంటున్న" అని నవ్వేవాడు. లాక్‌డౌన్‌లో కార్ఖానా మూతపడింది. తెరిచాక సగం సాంచాలే నడిచాయి. ఆ సగంలో అతనివి లేవు. చివరికి ఈ గుట్టకే కాపలా ఉద్యోగం దొరికింది.

తొమ్మిది దాటాక కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజర్ హేమంత్‌భాయ్ స్కూటీ మీద వచ్చాడు. మాస్కు వెనక నుంచి ఏదో అన్నాడు.

"జర గట్టిగా చెప్పండి సాబ్" అన్నాడు లింగమూర్తి హిందీలో.

సాంచాల షెడ్డులో ఎవరూ గొంతుతో మాట్లాడరు. ఆ మోతలో గొంతు పనికిరాదు. పెదవులు చూసి మాట పట్టుకోవడం అక్కడ ఆడా మగా అందరికీ వచ్చిన విద్య. ఈ ఏడు మూతులన్నిటికీ గుడ్డ కట్టేసరికి అతనికి సగం లోకం మూగదైపోయింది.

హేమంత్‌భాయ్ గొంతు పెంచాడు. "శుక్రవారం తెరుస్తున్నాం. పొద్దున పూట మాత్రమే. వాకింగ్ తప్ప ఇంకేం లేదు. కూర్చోవద్దు, గుంపు కూడొద్దు, పాటలూ బాజాలూ వద్దు. ఈసారి గర్బాలే బంద్. పైన ఆ గడ్డి ఉంది చూడు, గురువారానికల్లా మొత్తం తీసెయ్. అక్కడ సెల్ఫీ పాయింట్ వస్తుంది. బోర్డు తయారైంది."

"మాలీ పని గదా సాబ్."

"మాలీ ఊరి నుంచి రాలేదు. నువ్వు చేస్తే నీ నౌకరీ పక్కా అని సేఠ్‌తో చెప్తా." స్కూటీ తిప్పుతూ ఆగాడు. "ఇంకోటి. వెనక కంచె జాలీలోంచి ఎవరో దూరుతున్నారని సొసైటీవాళ్ళు ఫిర్యాదు చేశారు. పట్టుకో. పట్టుకోలేకపోతే నిన్ను పెట్టి ఏం లాభం?"

ఫిర్యాదు చేసినవాళ్ళెవరో లింగమూర్తికి తెలుసు. పార్కు మూసి ఉన్నా తను కాపలాకు చేరినప్పటి నుంచీ, హేమంత్‌భాయ్ మాట మీద రోజూ తెల్లారి అతనే గేటు తీసి లోపలికి పంపుతున్న నలుగురు పెద్దమనుషులు.

"సరే సాబ్" అన్నాడు.

మర్నాడు తెలవారక ముందే వెళ్ళి వేపచెట్టు వెనక నిలబడ్డాడు. తూర్పున మిల్లు గొట్టాల వెనక ఆకాశం బూడిదరంగు నుంచి పసుపుకు తిరుగుతుండగా వెనక వాలు మీద పొద కదిలింది. ఒక ఆడమనిషి జాలీ సందులోంచి వంగి లోపలికి వచ్చింది. చున్నీ, మాస్కు, చేతిలో పెద్ద కూల్‌డ్రింకు సీసా నిండా నీళ్ళు. దారి వెతుక్కోలేదు. రోజూ నడిచే మనిషిలా నేరుగా గునుగు దగ్గరకు వెళ్ళి, ఒక్కో మొదలుకూ కొంచెం కొంచెం పోసింది. తర్వాత బెంచీ చివర చున్నీతో తుడిచి కూర్చుంది.

లింగమూర్తి చెట్టు చాటు నుంచి బయటికి వచ్చాడు. "ఎవరది?"

ఆమె ఉలిక్కిపడి లేచింది కానీ పరిగెత్తలేదు. మాస్కు కిందికి లాగింది. "నేనే, కాకా."

వజ్రమ్మ కూతురు ఊర్మిళ.

డిండోలి తెలుగువాళ్ళలో వజ్రమ్మ తెలియనివాళ్ళు లేరు. బతుకమ్మ పాట ఎత్తేది ఆమె. ఆమె గొంతు సవరించుకునేదాకా మిగతావాళ్ళు నోరు విప్పేవారు కాదు. జూలైలో జ్వరమొచ్చి అంబులెన్సు ఎక్కింది. మళ్ళీ ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

"నువ్వా బిడ్డా? దొంగలెక్క గిట్ల దూరుడేంది?"

"గేట్ దగ్గర అడిగితే తీస్తుంటివా?"

అతను నడుముకున్న తాళంచెవి తడుముకున్నాడు.

"గా వాకింగోళ్ళకు తీస్తవ్. నేను రోజ్ చూస్తున్న."

"వాళ్ళ ముచ్చట వేరే. నా చేతుల లేదు." తను అన్న మాట తనకే రుచించక గునుగు వైపు చూశాడు. "అయినా దీనికి నీళ్ళెందుకు? ఏడ వడితే ఆడ మొలిచేదాయె."

"కాకా, జర ఈ బెంచీ ఎక్కి చూడు."

"ఏందది?"

"ఎక్కు, చెప్త."

మోకాలు పట్టుకుని ఎక్కాడు. రోజూ ఆ చదును చుట్టూ తిరిగే మనిషి, పైనుంచి చూడటం అదే మొదటిసారి. గునుగు చెల్లాచెదురుగా లేదు. నడుమ ఒక్కచోట గుండ్రంగా, చేటలో పోసినట్టు ఒత్తుగా లేచింది. తెల్లటి వెన్నుల కొసలకు గులాబీ రంగు. దాని చుట్టూ నేల బోసిగా, గట్టిగా, గడ్డిపోచ లేకుండా మరో వలయం. ఆ వలయం దాటాక మళ్ళీ మామూలు గడ్డి.

ఆ బోసి వలయం ఏమిటో అతనికి వెంటనే అర్థమైంది. అది ఆడవాళ్ళ పాదాలది. ఏటేటా అక్కడే బతుకమ్మలను నడుమ పెట్టి, చుట్టూ తిరిగి తిరిగి నేలను రాయి చేశారు.

"పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు టెంపో రాలేదు, యాదున్నదా?" అంది ఊర్మిళ. "నది దాక ఎట్ల పోతం, చీకటి పడ్డది, వాచ్‌మన్ గేట్ బంద్ చేస్తనని లొల్లి. అప్పుడు మా అమ్మ ఏమన్నది? బతుకమ్మను ఈడనే ఉంచుదాం, వాన వస్తే తనే పోతదన్నది. అందరు గునిగిన్రు. నీళ్ళల్ల ఏయకుంటె దోషమన్నరు."

"అవు. యాదున్నది."

"జూలైల అమ్మ పోయినంక ఒక్కరు ఇంటికి రాలె. కరోనా అని ఊకున్నం. ఫోన్లల్ల మాత్రం అనుకున్నరు. బతుకమ్మను గుట్ట మీద వదిలేసింది, గందుకే ఆమెను గూడ ఎవరూ సాగనంపకపాయిరి అని." సీసా మూత బిగించుకుంది. "వాన వచ్చింది కాకా. పూలు మట్టిల కలిసినయ్. ఈ ఏడు ఎవరి కాలు పడలె, మాలీ మిషన్ పెట్టలె. గింజ గింజ లేచింది. మా అమ్మ బతుకమ్మను పారేయలే. నాటింది."

కింద రైలు కూత వేసింది. మన దిక్కు పోయే బండి అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

"గా మాట ముందుగాల ఎవరన్నరు?" అడిగాడు.

ఊర్మిళ మాస్కు పైకి లాక్కుంది. "నీకు తెల్వదా?"

అతనికి తెలిసింది. తెలియనట్టు బెంచీ దిగాడు.

"ఎల్లుండి ఎంగిలిపూల బతుకమ్మ. అధిక మాసమొచ్చి నెల లేట్ అయ్యింది గానీ లేకుంటె అప్పుడే అయిపోతుండె" అంది. "ఊరి నుంచి బస్సులు నడుస్తలేవు. తంగేడు లేదు, గునుగు లేదు, ఈసారి ఎవరింట్ల పువ్వు లేదు. నేను తెంపుతలేను కాకా. ఎల్లుండి దాక ఉండనీ. గా మాటన్నోళ్ళు ఒక్కసారి వచ్చి చూడాలె. బస్."

"రేపు పీకేయమన్నరు బిడ్డా."

"ఎవరు పీకేది?"

అతను ఈల తాడును వేలికి చుట్టుకున్నాడు. ఊర్మిళ ఆ వేలినే కాసేపు చూసి, వచ్చిన సందులోంచే వంగి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో భార్య ఐలమ్మ చీరల కట్ట ముందేసుకుని కూర్చుని ఉంది. ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలను కత్తిరించే పని. కత్తెర టిక్కు టిక్కుమంటూ ఆగకుండా నడుస్తోంది.

"పట్టుకున్నవా దొంగను?" తలెత్తకుండా అడిగింది.

"పట్టుకున్న."

"ఎవడాడు?"

"వజ్రక్క బిడ్డ."

కత్తెర ఆగింది. మళ్ళీ నడిచింది. "పూల కోసమా?"

"పువ్వు ముట్టలె. నీళ్ళు పోస్తున్నది." గోడకు ఆనుకుని కూర్చుని, బెంచీ ఎక్కి చూసినదంతా చెప్పాడు. వలయం గురించి చెప్పేటప్పుడు నేల మీద వేలితో గీశాడు. ఐలమ్మ ఆ గీతను చూడలేదు.

"నీళ్ళల్ల ఏయలేదని ముందుగాల అన్నది నువ్వేనా?"

"అందరన్నరు."

"ముందుగాల?"

కత్తెర దారాన్ని దాటి చీరలోకి దిగింది. ఇద్దరూ ఆ చిన్న కంతను చూశారు. ఐలమ్మ దాన్ని బొటనవేలితో మూసింది, అలా మూస్తే పోతుందన్నట్టు.

"ఆమె నాకంటె గట్టి మనిషి" అంది. "నాతోటే కార్ఖానాల కండెలు చుట్టింది. జ్వరమని ఒక్కనాడు పండలె. గసొంటిది నాలుగు దినాల్ల పాయె. ఎందుకు పోయిందో నాకు సమజ్ కాలె. ఒక కారణం దొరికితే, గా పని మనం చేయలె గదా, మనకు గా రోగం రాదు అనుకున్న. గంతే."

"గంతేనా."

"భయమయ్యా. ఏం జెయ్యాలె?" చీరను మడిచి పక్కన పెట్టింది. "రేపు పీకుతవా?"

"పీకకుంటె నౌకరీ ఉండదు."

"మరి పీకు" అంది. ఆ మాట ఎటువైపు నుంచి వచ్చిందో అతనికి అంతు చిక్కలేదు. ఆమె ముఖం గోడ వైపు ఉంది.

గురువారం పొద్దున్నే కొడవలి పట్టాడు. మెట్ల సందుల్లో మొలిచిన వయ్యారిభామను వేళ్ళతో సహా లాగాడు. వాలు మీద పెరిగిన గడ్డిని పట్టుపట్టుగా కోసి కుప్పలు పెట్టాడు. కింద పిల్లలు జారే చోట పడిన గాజు పెంకులు ఏరాడు. ఎండ పెరిగేసరికి గుట్ట తన పాత రూపానికి వచ్చింది. వేపచెట్ల కింద నీడ మళ్ళీ మనిషి పడుకునేలా తేటపడింది. చదును మీదికి చేరి బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చాడు. బోసి వలయం తగిలింది.

అక్కడ కూర్చున్నాడు. కొడవలి పక్కన పెట్టాడు. గాలికి గునుగు వెన్నులు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. దానికి చప్పుడు ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు. చాలాసేపు కూర్చున్నాక వినిపించింది. బియ్యం చెరుగుతున్నట్టు, దూరంగా.

హేమంత్‌భాయ్ వచ్చేసరికి అతను కొడవలి కడుక్కుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"వాహ్, బాగా చేశావు" అంటూ పైకెక్కిన హేమంత్‌భాయ్ చదును దగ్గర ఆగాడు. "ఇదేంటి? నడుమ వదిలేశావు."

"అది తీయను సాబ్."

"బోర్డు సరిగ్గా అక్కడే రావాలి. జంగ్లీ గడ్డి అది."

లింగమూర్తి హిందీలో మాట కోసం వెతుక్కున్నాడు. "నవరాత్రిల మీ ఇంట్ల చిల్లుల కుండ పెట్టి, లోపల దీపం పెడతరు గదా."

"గర్బో. అయితే?"

"నడుమల నుంచి దాన్ని తీసి పారెయ్ అంటె తీస్తరా?"

"అది మాతాజీ."

"ఇది గూడ అంతే సాబ్."

హేమంత్‌భాయ్ గునుగు వైపు చూశాడు. మాస్కు పైన అతని కళ్ళు కొంచెం చిన్నవయ్యాయి. "జాలీలోంచి వచ్చేది దీని కోసమేనా? పట్టుకున్నావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరూ రాలేదు సాబ్. మూడు మాటలు. "పట్టుకున్న. వదిలేసిన."

"నాకూ పైన ఒకడున్నాడు, లింగమూర్తీ" అన్నాడు హేమంత్‌భాయ్. కోపం లేదు గొంతులో. అందుకే ఆ మాట మరింత గట్టిగా తగిలింది. "మిషన్‌వాడు సోమవారం దాకా దొరకడు. సోమవారం వచ్చి అయిదు నిమిషాల్లో కోసేస్తాడు. దీనికి నువ్వు నౌకరీ పోగొట్టుకుంటున్నావు. తెలుస్తోందా?"

"తెలుస్తున్నది."

కాపలా ఉద్యోగపు పచ్చ జాకెట్ విప్పి మడిచాడు. ఈల, తాళంచెవి దాని మీద పెట్టి ఇచ్చాడు. రాత్రి ఐలమ్మకు చెబితే ఆమె కత్తెర కింద పెట్టింది. ఫోను తీసుకుని బయట వరండాలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

శుక్రవారం లేచేసరికి ఐలమ్మ ఇంట్లో లేదు. చీరల కట్ట ఇచ్చి రావడానికి పోయిందనుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గుట్ట వైపు నడిచాడు. గేటు దగ్గర వాకర్ల వరసలో నిలబడ్డాడు. కొత్త మనిషి ఇంకా దొరకలేదేమో, హేమంత్‌భాయే థర్మామీటర్ పట్టుకుని ఉన్నాడు. దాన్ని లింగమూర్తి నుదుటికి గురిపెట్టి, అంకె చూసి, పొమ్మన్నట్టు తల ఊపాడు. ఇన్ని నెలలు తాళం తీసిన గేటులోంచి లింగమూర్తి ఈసారి వాకర్‌గా లోపలికి వెళ్ళాడు.

పైన ఊర్మిళ ఒక్కతే నిలబడి ఉంది. చుట్టూ చూసి, "ఎవరొస్తరు కాకా" అంది. "నేను పిలిస్తే ఫోన్ గూడ లేపలె."

అప్పుడే మెట్ల మీద ఐలమ్మ తల కనిపించింది. పెట్టెలో దాచిన పట్టుచీర, మాస్కు, చేతిలో నీళ్ళ సీసా. ఆమెకు కాస్త దూరంలో ఇంకొకామె. ఆ వెనక మరొకామె. ఒక్కొక్కరూ విడివిడిగా, వాకింగ్‌కి వచ్చినట్టే వచ్చారు. అందరి చేతుల్లోనూ నీళ్ళ సీసాలు.

ఐలమ్మ ఎవరినీ పలకరించలేదు. చెప్పులు విప్పి, మొగుడి భుజం పట్టుకుని బెంచీ ఎక్కింది. చూసింది. దిగడానికి మళ్ళీ అతని భుజం పట్టుకున్నప్పుడు ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

సీసాను అంచున పెట్టి బోసి వలయంలోకి అడుగుపెట్టి నడిచింది. మిగతావాళ్ళూ చెప్పులు విప్పి, ఒకరికొకరు ఎడంగా, ఆమె వెనక నడిచారు. రెండడుగులు, ఒక వంపు, చేతులు దగ్గరికి వచ్చి తాకకుండా విడిపోవడం. పాట లేదు. చప్పట్లు లేవు. కానీ మాస్కుల గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది, అన్నీ ఒక్కసారే. లింగమూర్తి ఈ ఏడంతా తిట్టుకున్న గుడ్డ అది. ఇవాళ దాని వెనక చరణం ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ ఊపు వస్తుందో అతనికి స్పష్టంగా తెలుస్తోంది.

ఊర్మిళ వలయం బయటే ఉండిపోయింది. ఐలమ్మ ఆమెకు ఎదురుగా వచ్చినప్పుడు ఆగి, మాస్కు కిందికి లాగి, గొంతు లేకుండా పెదవులతో మాట్లాడింది. షెడ్డులో మాట్లాడినట్టు.

ముందట నువ్వు నడువ్. నీ అమ్మ జాగల.

అమ్మ పక్కన కండెలు చుట్టిన పిల్ల ఊర్మిళ. ఆ మాట పట్టుకుంది. వెళ్ళి ముందు నిలబడింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. హేమంత్‌భాయ్ ఆయాసపడుతూ వచ్చాడు. "ఏంటిది? గుంపు వద్దన్నాను కదా."

"వాకింగ్ సాబ్" అన్నాడు లింగమూర్తి. "చూడండి, ఎంత దూరం దూరం ఉన్నరో."

"గుండ్రంగానా?"

"గుట్ట మీద జాగా ఇంతే గదా."

హేమంత్‌భాయ్ ఈల నోటికి ఎత్తాడు. మాస్కు అడ్డం వచ్చింది. మాస్కు దించాలో ఈల దించాలో తేల్చుకోలేనట్టు కాసేపు అలాగే ఉండిపోయాడు. ఈ నవరాత్రికి అతని వీధిలోనూ ఎవరూ గర్బో చుట్టూ తిరగరు. ఈల జేబులోకి వెళ్ళింది.

ఆఖరి చుట్టు తిరిగాక ఐలమ్మ సీసా అందుకుంది. గునుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని మూత తిప్పింది.

"నీళ్ళల్ల ఏయలేదని నేనే అన్న బిడ్డా" అంది. ఈసారి గొంతుతో. అందరికీ వినబడేలా. "నీళ్ళు నేనే తెచ్చిన."

పోసింది. సీసా ఖాళీ అయ్యేదాకా ఎత్తిన చెయ్యి దించలేదు. ఊర్మిళ పక్కన కూర్చుని ఆ చేతి కింద తన చెయ్యి పెట్టింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి పోశారు. గట్టిపడిన వలయం మీదికి నీరు పారి నల్లటి బురదై నిలిచింది. ఊర్మిళ ముదిరిన వెన్నును రెండు అరచేతుల మధ్య నలిపింది. ఆవగింజలకన్నా సన్నటి నల్ల గింజలు తడిమట్టిలోకి రాలాయి. చూసి మిగతావాళ్ళూ నలిపారు.

"సోమవారం మిషన్ వస్తుంది" అన్నాడు హేమంత్‌భాయ్, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

"రానీ సాబ్."

ఆడవాళ్ళు చెప్పులు చేతుల్లో పట్టుకున్నారు. మెట్ల వైపు వెళ్ళలేదు. తడి పాదాలకు అంటిన మట్టితో, ఆ మట్టిలో అంటిన గింజలతో, తలా ఒక వైపు నుంచి వాలు మీదుగా కిందికి దిగిపోతున్నారు.